గోల్కొండ వఫాదారు అబ్దుర్రజాక్ లారీ

సిరి ఉన్నన్నాళ్ళు బెల్లం చుట్టూ ఈగల్లా దోస్తులు చేరతారు. అది పోయిన నాడు పక్కన నిలిచేవాడెవడు? దీనికి జవాబు గోల్కొండ చరిత్రలో ఉన్నది. అది మనకు పరాయి కథ కాదు. ఆనాడు మన శ్రీకాకుళం ప్రాంతం గోల్కొండ ఏలుబడిలోదే. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది.

గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా. రామదాసు కథ వల్ల ఆయన పేరు తెలియని తెలుగువారుండరు. మంత్రి మాదన్నను తొలగించమని ఔరంగజేబు ఎంత ఒత్తిడి చేసినా తానీషా రోజులు గడుపుతూ వచ్చాడు. కానీ 1686లో అక్కన్న మాదన్నలను గోల్కొండ వీధిలోనే చంపేశారు. అంతకు ముందే, 1685లో, సేనాధిపతి మీర్ ముహమ్మద్ ఇబ్రహీం మొగలుల పక్షం చేరిపోయాడు. సేనను నడిపేవాడే వెళ్ళిపోతే పట్నం ఏం నిలుస్తుంది? సుల్తాను హైదరాబాదు విడిచి కోటలో తలదాచుకున్నాడు.

1687 ఆరంభంలో ముట్టడి మొదలయింది. ఎనిమిది నెలలు సాగింది. ఫిరంగులు పేల్చారు, సురంగాలు తవ్వారు, కోట లొంగలేదు. వానలకు, కరువుకు, రోగాలకు మొగలు సైన్యమే నానా అగచాట్లు పడింది. చివరకు ఫిరంగి చేయలేని పని డబ్బు చేసింది. సర్దారులు ఒక్కొక్కరే జారుకున్నారు. అబ్దుర్రజాక్ లారీకి కూడా ఆరువేల మన్సబు ఇస్తామని ఫర్మానా వచ్చింది. ఆయన దాన్ని బురుజు మీద తన సిపాయిలకు చూపించి ముక్కలు ముక్కలుగా చింపేశాడు. కర్బలాలో ఇమాం హుస్సేను వెంట కడదాకా నిలిచినవారిని ఆయన తలచుకున్నాడని ఖాఫీ ఖాన్ తన తారీఖులో రాశాడు. గెలిచేవాడి పక్కన నిలవడం ఎవరైనా చేస్తారు. లారీకి ఓటమి ఎదురుగానే కనిపిస్తున్నది.

సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని కోట తలుపు తీశాడు. ఆ కేక విన్న లారీ జీను కూడా వేయని గుర్రమెక్కి, ఒక చేత కత్తి, ఒక చేత డాలు పట్టి, పది పన్నెండు మందితో మొగలుల మీదికి దూకాడు. ఒళ్ళంతా దాదాపు డెబ్బై గాయాలు. మరునాడు ఒక చెట్టు కింద స్పృహ లేకుండా దొరికాడు.

ఔరంగజేబు ఆయన్ను చంపించలేదు. ఇలాంటివాడు ఇంకొక్కడుంటే కోట ఇంకా చాలాకాలం దక్కేది కాదన్నాడట. ఇద్దరు వైద్యుల్ని పంపి చికిత్స చేయించాడు. గాయాలు మానాక కొలువు ఇస్తానంటే, అబుల్ హసన్ ఉప్పు తిన్నవాణ్ణి, మరొకరి కొలువు చేయలేనని లారీ కబురు పంపాడు. తానీషాను దౌలతాబాదు కోటలో ఖైదు చేశారు, అక్కడే మరణించాడు.

లారీ కొంతకాలానికి మొగలు కొలువులో చేరాడు. దీన్ని కొందరు తప్పు పడతారు. నేను పట్టను. అప్పటికి కోటా లేదు, గోల్కొండ రాజ్యమూ లేదు. తానీషా కోసం చేయగలిగింది ఆ డెబ్బై గాయాల నాడే చేసేశాడు.