కల్పాక్కము నుండి కొవ్వాడ వరకు: అణువిద్యుత్తు పాత్ర మారిన తీరు

దక్షిణదేశమున బొగ్గు అరుదు. సింగరేణి బొగ్గును, నైవేలి లిగ్నైటును విడిచినచో దూరప్రాంతముల నుండి రైళ్లపై వచ్చు బొగ్గునే నమ్ముకొనవలసిన ఈ భూభాగమునకు, గనులకు దూరమైన చోటులందే అణువిద్యుత్తు ముందుగా గిట్టుబాటగునని హోమీ భాభా 1950 దశకమున చేసిన వాదము మిక్కిలి యనువైనదిగా తోచెను. తారాపురము, రాజస్థానముల తరువాత మద్రాసుకు దక్షిణమున సముద్రతీరమందలి కల్పాక్కములో 1984లో మొదటి రియాక్టరును, 1986లో రెండవదియు వాణిజ్యోత్పత్తి నారంభించుటకు మూలమిదియే.

చిత్తూరుసీమకు పొరుగుననే వెలసిన ఆ కేంద్రపు విద్యుత్తు దక్షిణ రాష్ట్రములకు పంచబడుచుండగా ఆంధ్రప్రదేశమునకును అందు వాటా కలిగెను. తెలుగునేలపై అణువిద్యుత్కేంద్ర మొక్కటియు లేకున్నను, హైదరాబాదులోని అణు ఇంధన సముదాయము ఇంధనమును, మణుగూరు కర్మాగారము భారజలమును, కడపసీమలోని తుమ్మలపల్లె గని యురేనియమును దేశమునకు సమకూర్చుచున్నవి.

చెఱువులెండి బోరుబావులే దిక్కైన చిత్తూరు మెట్టపొలములలో, అర్ధరాత్రి కరెంటు వచ్చు వేళకై మేలుకొని, మోటారు వేయుటకై పాముల నడుమ రైతు నడచిన కాల మంత దూరమైనది కాదు. రేయింబవళ్లు ఒకే తీరున నడచు కేంద్రముల విద్యుత్తు రాత్రివేళ మిగులుచుండుటచే, ఆ మిగులును సేద్యమునకు మళ్లించుట అప్పటి పద్ధతి. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో ఏకమగుటయు, 2017లో కర్నూలుసీమలో 1000 మెగావాట్ల సౌరక్షేత్రము సిద్ధమగుటయు, పగటి విద్యుత్తు పెరిగి సేద్యపు సరఫరా పగటికి మఱలుటయు ఒకదాని వెంట నొకటి జరిగినవి. తిరుపతి ప్రధానస్థానముగా గల పంపిణీసంస్థ వంటివాని చింత అంతట సాయంకాలమునకు జరిగెను. ఏలయన సూర్యుడు క్రుంకు వేళకే దీపములు వెలుగును.

ఆ సాయంకాలపు లోటును అణుకేంద్రము ఒక్కటియే పూడ్చజాలదు. దాని వ్యయములో హెచ్చుపాలు నిర్మాణమునకే పోవుటచే ఉత్పత్తి తగ్గించినను మిగులునది స్వల్పము. తగ్గించిన పిమ్మట న్యూట్రానులను మ్రింగు జినాను పేరుకొని, మరల ఉత్పత్తి హెచ్చించుటకు అడ్డు వచ్చును. ఫ్రాన్సు రియాక్టర్లు ఈ చిక్కును కొంత దాటినను మన భారజల రియాక్టర్లు స్థిరముగా నడచుటకే అలవడినవి. కావున సంధ్యాసమయపు ఎగుడుదిగుళ్లను మోయవలసినది పగటి విద్యుత్తుతో నీటిని పైకెక్కించి సాయంకాలము క్రిందికి వదలు, కర్నూలుసీమ పిన్నాపురమునందలి 1680 మెగావాట్ల జలనిల్వ వంటి ఏర్పాటులే. అయినను ఋతుపవనకాలమున మేఘములు కమ్మి, గాలియు స్తంభించి దినములు గడచునపుడు గంటలకు సరిపడు నిల్వ చాలదు. స్థిరమైన అణుధార విలువ అప్పుడే తెలియవచ్చును. సౌరక్షేత్రము సంవత్సరపు సగటున తన సామర్థ్యములో ఇంచుమించు నాలుగవవంతే యిచ్చును గనుక, 1000 మెగావాట్ల సౌరక్షేత్రము ఏటికి ఇచ్చు యూనిట్లు ఇంచుమించు 300 మెగావాట్ల రియాక్టరు ఇచ్చునంతయే.

బొగ్గునకు బదులుగా పుట్టిన అణుశక్తి నేడు సూర్యునకు తోడుగా నిలువవలసియున్నది. శ్రీకాకుళపు తీరమందలి కొవ్వాడలో 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లను తలపెట్టిన వారు, ఎన్ని మెగావాట్లను గణనము కంటె ఏ వేళకు, ఏ ధరకు, ఏ మత్స్యకారుల సమ్మతితో నను విచారమును ముందుంచుకొనుట యుక్తము.