రాయితోపాటు దాని ఊరూ పేరూ

ఇల్లు మారేటప్పుడు మనం మొట్టమొదట సర్దుకునేది దేవుడి పటాలు, పూజ సామాను. మరి దేవుడి ఇల్లే ఖాళీ చేయవలసి వస్తే? యూరపులో ఇవాళ ఆ చిక్కే వచ్చిపడింది. ప్రార్థనకు వచ్చేవారు తగ్గిపోయి, హాలెండులో ఎన్నో కాథలిక్కు చర్చీలు మూతబడ్డాయి. అక్కడి మరియమ్మ విగ్రహాలు, వెండి పాత్రలు ఏమైపోవాలి? వస్తువు గడప దాటకముందే దాని వివరాలన్నీ జాబితాగా రాసుకోవాలని ఆ దేశంలో ఈ పని చూసేవారు చెబుతారు.

ఈ చిక్కు మనకూ కొత్త కాదు. అక్కడ జనం లేక, ఇక్కడ నీళ్లు వచ్చి! నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి, పురావస్తుశాఖ వారు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండమీద తిరిగి కట్టారు. శిల్పాలకూ శాసనాలకూ అక్కడే మ్యూజియం ఏర్పాటు చేశారు. లోయ నీళ్లపాలైంది, కొండ ద్వీపమైంది.

ఆ శాసనాల్లో ఎవరి పేర్లున్నాయో తెలుసా? మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకుల ఇంటి ఆడపడుచు చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, తాను చేయించిన పనులన్నీ వరుసగా చెక్కించింది. రాజుల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. బోధిసిరి పేరు మాత్రం ఆ రాతి మీద అక్షరాలతోనే ఉంది. ఎవరూ చదివి రాసుకోకుండా ఆ రాయి మునిగిపోయి ఉంటే ఆవిడ కూడా మునిగిపోయినట్టే కదా!

శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు మరో దారి తొక్కారు. తుంగభద్ర కృష్ణలో కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురానికి తరలించి మళ్లీ నిలబెట్టారు. నాగార్జునకొండలో శిల్పం చూడవలసిన వస్తువైంది, ఇక్కడ దేవుడు దేవుడిగానే ఉన్నాడు. రెండు చోట్లా ముందు జరిగింది రాతపనే. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేకపోతే విప్పిన గుడి రాళ్లకుప్పే అవుతుంది.

అంత దూరం ఎందుకు, మన హనుమకొండనే చూడండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో కల్యాణమండపాన్ని విప్పి, ఏళ్లూ పూళ్లూ పట్టాక, మళ్లీ పేర్చి నిలబెట్టారు. 2024 మార్చి 8న, శివరాత్రినాడు, అది భక్తులకు తెరుచుకుంది.

పెద్ద గుళ్లను చూసుకునేందుకు శాఖలున్నాయి. మన పల్లెల్లో చెట్టుకింది నాగశిలనూ, పాతగుడి ద్వారబంధాన్నీ చూసుకునేదెవరు? జీర్ణోద్ధారణ అంటూ సిమెంటు గుడి లేస్తుంది, పాత స్తంభం పెంటకుప్ప పక్కకు చేరుతుంది. కొన్నాళ్లకు అది ఎక్కడిదో చెప్పే ముసలమ్మ కూడా ఉండదు.

అందుకని నా మనవి ఒక్కటే. పుట్టింటికో అత్తవారి ఊరికో వెళ్లినప్పుడు, అది గుడి కానివ్వండి, మసీదు కానివ్వండి, చర్చి కానివ్వండి, పాతదాన్ని విప్పుతున్నారని వింటే అడగండి. ఫోటో తీయించండి. ఏ ఊరిది, ఎక్కడ ఉండేది, ఎవరు చేయించారని చెప్పుకుంటారో పెద్దవాళ్లనడిగి నోటుపుస్తకంలో రాయండి. ఊరగాయ కొలతలు రాసి దాచుకునే మనకు ఇదేమంత కష్టం కాదు.