2333, 2343, 2353... ఒక బొమ్మ ఇంజను వెర్షన్ల కథ

వెర్షన్ నంబర్లంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సొత్తే అనుకుంటాం కదా! అమెరికాలో లయొనెల్ అనే రైలుబొమ్మల కంపెనీ ఆ పని ఎప్పుడో చేసింది. 1948లో వాళ్ళు తెచ్చిన ఎఫ్3 డీజిల్ ఇంజను నంబరు 2333.

అప్పటికి అక్కడ ఆవిరి ఇంజన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ముందుముందు అంతా డీజిలేనని జనాన్ని ఒప్పించాల్సిన అవసరం అసలు ఎఫ్3 తయారుచేసే జనరల్ మోటార్స్‌ది. అందుకే బొమ్మ అచ్చులకైన ఖర్చులో ఆ కంపెనీ, శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలూ తలా కొంత వేసుకున్నాయి. బొమ్మ పక్కన జీఎం గుర్తు ఊరికే రాలేదన్నమాట.

ఎర్ర ముక్కు, వెండి రంగు ఒళ్ళు ఉన్న శాంటా ఫే బొమ్మ తెగ అమ్ముడుపోయింది. అదే నంబరుతో వచ్చిన బూడిదరంగు న్యూయార్క్ సెంట్రల్ వెనకబడింది. 1950లో శాంటా ఫే 2343 అయింది: చక్రాలు ఉక్కు పట్టాల్ని గట్టిగా పట్టుకునేలా అయస్కాంతాలు చేర్చారు. 1953లో 2353 వచ్చేసరికి పైకప్పు మీది లోహపు జల్లెడ పోయి, దాని బదులు ప్లాస్టిక్‌లోనే పోతపోసిన గీతలు మిగిలాయి. 1958లో 2383. రంగులు మాత్రం అవే!

ఇప్పుడు సేకరించేవాళ్ళు భూతద్దం పెట్టి వెతికేది ఈ తేడాలనే. అప్పట్లో పిల్లలు అంతగా అడగని న్యూయార్క్ సెంట్రల్ కోసం ఇప్పుడు ఎక్కువ వెతుక్కోవాలి. పైగా ఒకదాని డొప్ప ఇంకోదానికి బిగించొచ్చు, కొత్తగా రంగూ వేయొచ్చు. అందుకే కొనేవాడు ప్రతి భాగం ఆ ఏడాదిదేనా కాదా అని చూసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ చదవడం లాంటిదే.

ఇంతవరకూ నాకు నచ్చింది. నచ్చనిదల్లా ధర కట్టే పద్ధతి. పెట్టెలోంచి తియ్యని బొమ్మకి పెద్ద పీట. గీతపడితే ధర తగ్గుతుంది, చక్రం అరిగితే ఇంకా తగ్గుతుంది. అంటే పిల్లాడు ఎంత ఆడుకుంటే అంత నష్టం! జల్లెడ ఎప్పుడు పోయిందో ఏళ్ళతో సహా రాసిపెట్టుకుంటాం గానీ, చక్రం అరిగేదాకా దాన్ని తిప్పినవాడి సంగతి ఎవరికీ పట్టదు. నా మట్టుకు నాకు అరిగిన చక్రం కూడా చరిత్రే. ఎవరైనా చూపిస్తే ముందు దాన్నే చూస్తాను.