గిర్టన్‌కు చేరిన నిజాం సొమ్ము

నేరేడుచర్లలో చరిత్ర పాఠం చెప్పే రోజుల్లో సరోజినీ నాయుడు పేరెత్తగానే పిల్లలు ‘భారత కోకిల’ అని అరిచేవాళ్లు. కేంబ్రిడ్జిలో చదివి కూడా ఆమె పట్టా ఎందుకు తేలేదో పుస్తకంలో ఉండేది కాదు.

1895లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్ల ఆ హైదరాబాదు పిల్ల ఓడెక్కింది. మా నల్లగొండ కూడా అప్పుడు ఆయన రాజ్యమే. ఆ సొమ్ములో మా ముత్తాతల శిస్తూ ఉందని నేను దబాయించి చెబుతాను. మొదట లండన్ కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జి గిర్టన్.

1869లో ఆడపిల్లల కోసం హిచిన్‌లో పుట్టిన గిర్టన్, 1873లో కేంబ్రిడ్జి దగ్గరికి మారింది. అయినా ఊళ్లోకి రాలేదు, మగపిల్లల కాలేజీలకు మూడు కిలోమీటర్ల ఎడంగానే ఉండిపోయింది. అక్కడి అమ్మాయిలు పాఠాలు వినొచ్చు, పరీక్షలు రాయొచ్చు, పట్టా మాత్రం అడగకూడదు. పెళ్లికి పిలిచి విస్తరి వెయ్యకపోవడం లాంటిదే ఇది.

1897 మే 21న ఆడవాళ్లకు పట్టాలివ్వాలా వద్దా అని ఓటింగు. ఓటున్న కేంబ్రిడ్జి ఎం.ఏ.లు లండన్ నుంచి ప్రత్యేక రైళ్లలో దిగారు. ఓటింగు జరిగే సెనేట్ హౌస్ ఎదురుగా, సైకిలెక్కిన ఆడబొమ్మను కుర్రాళ్లు వేలాడదీశారు. 1,700 మందికి పైగా వద్దన్నారు. కావాలన్నవాళ్లు 700 దాటలేదు.

సరోజిని 1898లో తిరిగొచ్చింది. కొన్నేళ్లకే అదే కేంబ్రిడ్జిలో, సెయింట్ జాన్స్‌లో చదివిన కట్టమంచి రామలింగారెడ్డికి పట్టా దక్కింది; 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆడవాళ్లకు కేంబ్రిడ్జి పట్టాలిచ్చింది 1948లో. అప్పటికి సరోజిని యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నరు.