అప్పగించిన సరుకు, రాసుకున్న లెక్క: వికారాబాదు – తాండూరు ప్రాంతం నేపథ్యంలో గిడ్డంగుల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• సరుకును ఇతరుల వద్ద నిల్వ ఉంచే పద్ధతి ఏయే దశల్లో మారిందో వివరించగలుగుతారు.
• అడ్తి, మార్కెట్ యార్డు, ప్రభుత్వ గిడ్డంగి, నేటి పంపిణీ కేంద్రం మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• నిల్వ, పంపిణీ పనిని బయటి సంస్థకు అప్పగించేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను చారిత్రక కారణాలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

వికారాబాదు జిల్లాలోని తాండూరు పేరు చెప్పగానే రెండు సరుకులు గుర్తుకు వస్తాయి. ఒకటి ఇళ్లలో నేలకు పరిచే నాపరాయి, రెండోది కందులు. రాయిని ఆరుబయట పేర్చినా చెడిపోదు. కందుల సంగతి వేరు. తేమ ఎక్కువైతే బూజు పడతాయి, పురుగు పడితే పుచ్చిపోతాయి, బాగా ఎండితే తూకం తగ్గుతుంది. అందుకే కందులు పండించినవారికి పంట చేతికి వచ్చిన మరుక్షణం నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది: దీన్ని ఎవరి దగ్గర ఉంచాలి?

నేడు ఇదే ప్రశ్నను వ్యాపార పరిభాషలో మరో విధంగా అడుగుతున్నారు. సరుకును నిల్వచేసి, ఆర్డరు రాగానే కట్టి కొనుగోలుదారుకు పంపే పనిని బయటి సంస్థకు అప్పగించడాన్ని ఫుల్‌ఫిల్‌మెంట్ సేవ అంటున్నారు. అటువంటి సంస్థలు గోదాము లెక్కలను కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో నడుపుతాయి. పేర్లు కొత్తవైనా సమస్య పాతదే. మన సరుకు మరొకరి కప్పు కింద ఉన్నప్పుడు దానికి రక్షణ ఏమిటి? గోడలు, తాళాలు అవసరమే. అయితే అప్పగించినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ చదవగలిగిన లెక్కే అసలైన రక్షణ అని ఈ ప్రాంత చరిత్ర చెబుతుంది. ఈ భాగంలో ఆ విషయాన్ని పరిశీలిద్దాం.

2. ప్రాచీన, మధ్యయుగాలలో నిక్షేపం

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యాగారాన్ని చూసే కోష్ఠాగారాధ్యక్షుని విధులు వివరంగా ఉన్నాయి. ఒకరు మరొకరి వద్ద దాచిన వస్తువుల గురించి ప్రత్యేకంగా ఒక ప్రకరణం కూడా ఉంది. అంటే రాజు సొంత కొఠారు వేరు, ప్రజలు ఒకరి వద్ద ఒకరు దాచుకునే సరుకు వేరు అనే స్పష్టత ఆనాటికే ఏర్పడింది.

మన ప్రాంతానికి దగ్గరగా మరో ఉదాహరణ ఉంది. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణం ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల రాజధాని. అక్కడ ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యానం రాశాడు. దాచిన సొమ్ములో రెండు రకాలను ధర్మశాస్త్రకారులు గుర్తించారు. మూటగట్టి, ముద్రవేసి, లోపల ఏముందో చెప్పకుండా అప్పగిస్తే అది ఉపనిధి. ఎదురుగా లెక్కపెట్టి అప్పగిస్తే అది నిక్షేపం. రాజు, దైవవశం, దొంగల వల్ల పోయిన సొమ్ముకు పుచ్చుకున్నవాడు బాధ్యుడు కాడు. కాని యజమాని అడిగినా ఇవ్వకుండా ఉంచుకున్న తరువాత పోతే మాత్రం సొమ్ము చెల్లించి, దండుగ కూడా కట్టాలి.

ఈ విభజనను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. లెక్కపెట్టకుండా ఇవ్వడం నమ్మకం మీద ఆధారపడుతుంది. లెక్కపెట్టి ఇవ్వడం రుజువు మీద ఆధారపడుతుంది. తరువాతి కాలపు గిడ్డంగుల చరిత్ర అంతా మొదటి దాని నుంచి రెండో దాని వైపు సాగిన ప్రయాణమే.

రైతు ఇంట్లో మాత్రం గాదెలు, గరిసెలు, నేలలో తవ్విన పాతరలు ఉండేవి. సరుకు ఎవరిదో అతని కప్పు కిందే ఉన్నంతకాలం రసీదుతో పని లేదు.

3. రైలు, గంజ్, అడ్తి

హైదరాబాదు సంస్థానంలో వాడి – సికింద్రాబాదు రైలు మార్గం 1874లో ప్రారంభమైంది. తాండూరు, వికారాబాదు ఈ మార్గం మీదే ఉన్నాయి. వాడి వద్ద ఈ మార్గం బొంబాయి – మద్రాసు లైనుతో కలుస్తుంది. తరువాత బీదరు వైపు మరో లైను పడటంతో వికారాబాదు జంక్షన్ అయింది. ఊరి సంతలో అమ్ముడుపోయే పంట దూరపు పట్టణాల ధరతో ముడిపడటానికి రైలు దారి తీసింది. ధర పెరిగేదాకా సరుకును స్టేషనుకు దగ్గరగా ఆపగలిగినవాడికి లాభం. పంట పండించినవాడికి సాధారణంగా ఆ వెసులుబాటు ఉండేది కాదు.

ఈ ఖాళీలో అడ్తిదారు నిలిచాడు. విత్తనాలకు అప్పు ఇచ్చేది అతడే, సరుకును తన కొట్టులో ఉంచుకునేది అతడే, కొనేవాడిని తెచ్చేది అతడే, చివరకు లెక్క రాసేది కూడా అతడే. అడ్తి వ్యవస్థ రైతుకు అవసరానికి డబ్బు అందించిందనే మాట నిజం. బ్యాంకులు ఊళ్లకు రాని కాలంలో మరో దారి లేదు. అయితే నిల్వ, రుణం, అమ్మకం, లెక్క అనే నాలుగు పనులు ఒకే చేతిలో ఉండటం వల్ల, తరుగు పేరుతోనో వడ్డీ పేరుతోనో ఎంత కోత పడిందో సరిచూసుకునే మార్గం రైతుకు ఉండేది కాదు.

దీనికి భాష మరో అడ్డుగోడ. సంస్థానంలో పాలనా భాష ఉర్దూ. తెలుగు మాట్లాడే రైతుకు సర్కారు కాగితం చదవటం రాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లెవీ ధాన్యం వసూలు చేసినప్పుడు కూడా రైతు పొలం లెక్క పట్వారీ దగ్గర ఉంది. లెక్క ఉన్నా అది తనకు చదవరానిదైతే, రైతు విషయంలో లేనట్టే.

మార్కెట్లను క్రమబద్ధం చేసే తొలి ప్రయత్నం 1339 ఫసలీలో, అంటే 1930 ప్రాంతంలో వచ్చిన హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం. దీని స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో 1966లో మార్కెట్ల చట్టం వచ్చింది. లైసెన్సు పొందిన వ్యాపారులు, బహిరంగ వేలం, మార్కెట్ కమిటీ పర్యవేక్షణ ఈ చట్టాల సారం. కాంటా పెట్టే దడ్వాయి, బస్తాలు మోసే హమాలీ, అమ్మకం వివరాలు రాసిన తక్‌పట్టీ అందరికీ తెలిసిన యార్డు వ్యవస్థలో భాగాలయ్యాయి. తక్‌పట్టీ చిన్న కాగితమే. కాని తూకం, ధర, కోతలు అందులో ఉండటం వల్ల అడగటానికి రైతుకు ఒక ఆధారం దొరికింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) ఉపనిధికి, నిక్షేపానికి మధ్య తేడా ఏమిటి?
(ఆ) అడ్తి వ్యవస్థలో ఒకే చేతిలో ఉన్న నాలుగు పనులను పేర్కొనండి.

4. ప్రభుత్వ గిడ్డంగులు

రైతు పంట కోయగానే అమ్ముకోవలసి రావటానికి నిల్వ వసతి లేకపోవటం ఒక కారణమని 1928లో వచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక కాలం నుంచి చర్చ ఉంది. 1954లో వెలువడిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే కమిటీ నివేదిక ఈ విషయాన్ని ముందుకు తెచ్చింది. రుణం, అమ్మకం, నిల్వ మూడింటినీ కలిపి చూడాలన్నది ఆ కమిటీ దృష్టి. తత్ఫలితంగా 1956లో చట్టం, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి. 1962 నాటి గిడ్డంగుల సంస్థల చట్టం పాత చట్టం స్థానంలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరుగా రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడింది.

వీటిలోని కొత్తదనం ఏమిటి? గిడ్డంగి యజమాని సరుకు కొనడు, అమ్మడు. అద్దె తీసుకుని కాపాడతాడు, రసీదు ఇస్తాడు. ఆ రసీదును బ్యాంకులో తాకట్టు పెట్టి రైతు అప్పు తీసుకోవచ్చు. అడ్తిదారు చేతిలో కలిసిపోయిన పనులు ఇక్కడ విడిపోయాయి. కాపలా ఒకరిది, రుణం మరొకరిది, కొనుగోలు ఇంకొకరిది.

చట్టపరమైన పునాది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరిన తర్వాత అది ఇక్కడా అమల్లోకి వచ్చింది. దాని 151వ సెక్షను ప్రకారం, సరుకు పుచ్చుకున్నవాడు సామాన్య వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలి. 155 నుంచి 157 వరకు గల సెక్షన్లు ఒకరి సరుకును మరొకరి సరుకుతో కలిపితే ఏం జరగాలో చెబుతాయి. వేరుచేయగల సరుకైతే వేరుచేసే ఖర్చు, వేరుచేయలేనిదైతే నష్టం, అనుమతి లేకుండా కలిపినవాడే భరించాలి.

కాగితపు రసీదుకు ఉన్న లోపం ఏమిటంటే, గోదాములో నిజంగా ఉన్న సరుకుకూ కాగితంలో ఉన్న అంకెకూ పొంతన ఉందో లేదో బయటివారికి తెలియదు. ఈ లోపాన్ని తగ్గించటానికి 2007లో గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం చేశారు. అది 2010లో అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన ప్రాధికార సంస్థ వద్ద రిజిస్టరైన గిడ్డంగులు చేతులు మారగల రసీదులు ఇవ్వవచ్చు. 2017లో ఈ రసీదులు ఎలక్ట్రానిక్ రూపంలోకి వచ్చాయి. ఒకే సరుకు మీద రెండు రసీదులు పుట్టే అవకాశం దీనితో తగ్గింది.

5. గిడ్డంగి నుంచి పంపిణీ కేంద్రానికి

1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీది బార్‌కోడును మొదటిసారి యంత్రం చదివింది. సరుకు కదిలిన ప్రతిసారి మనిషి రాయనవసరం లేకుండా లెక్క తనంతట తాను నమోదు కావడానికి ఇది దారి తీసింది. గోదాము సాఫ్ట్‌వేర్ దీని మీదే నిలబడింది. సరుకు రాగానే లాటు నంబరు, తూకం, తేదీ నమోదవుతాయి. ఏ వరుసలో, ఏ అరలో ఉందో గుర్తు పడుతుంది. ఆర్డరు వచ్చినప్పుడు ముందు వచ్చిన లాటు ముందు బయటికి వెళ్లేలా సాఫ్ట్‌వేర్ సూచిస్తుంది.

మన దేశంలో 2017 జూలై 1న జీఎస్‌టీ అమలయ్యాక పన్ను కోసం ప్రతి రాష్ట్రంలో చిన్న డిపో పెట్టుకోవలసిన అవసరం తగ్గింది. కంపెనీలు పెద్ద గోదాముల వైపు మళ్లాయి. హైదరాబాదు చుట్టూ శంషాబాదు, మేడ్చల్ వైపు పెద్ద పంపిణీ కేంద్రాలు వెలిశాయి. వికారాబాదు నుంచి వచ్చే సరుకుకు ఇవి సమీపంలోనే ఉన్నాయి.

6. తాండూరు కంది: ఒక అభ్యాసం

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికి దరఖాస్తు చేసింది యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఈ గుర్తింపు విలువ అంతా ఒక్క మాట మీద ఉంది: ఈ బస్తాలో ఉన్నవి ఈ నేలలో పండినవే. వేరే ప్రాంతపు కందులతో ఒక్కసారి కలిస్తే చూపుతో వేరుచేయలేం. కాబట్టి ఇక్కడ నిల్వ లెక్క అంటే ఎన్ని బస్తాలు అన్నది మాత్రమే కాదు, ఎవరి పొలం నుంచి వచ్చిన లాటు అన్నది కూడా.

ఒక రైతు సంఘం తన కందిపప్పును హైదరాబాదులోని ఇళ్లకు నేరుగా పంపదలచి, నిల్వ, పంపిణీ పనిని బయటి సంస్థకు అప్పగించాలనుకుందని ఊహించండి. మనం చదివిన చరిత్ర ఆ సంఘం చేత ఈ ప్రశ్నలు అడిగించాలి.

మొదటిది: సరుకు దాచే సంస్థే అదే సరుకు కొంటుందా, అమ్ముతుందా, అప్పు ఇస్తుందా? ఇస్తే అడ్తి కాలపు సమస్య కొత్త రూపంలో తిరిగి వస్తుంది. అటువంటి సంస్థను తిరస్కరించాలని కాదు, లెక్కను సరిచూసే మూడో మనిషి ఉండాలి.

రెండోది: పుచ్చుకునేటప్పుడు ఏమేమి నమోదు చేస్తారు? తూకం ఒక్కటే సరిపోదు. మద్దతు ధర కొనుగోళ్లలో కందులకు తేమ 12 శాతం మించకూడదు. కందులనే అప్పగించేటట్లయితే వచ్చిన రోజు తేమ నమోదు కాకపోతే, ఆరు నెలల తర్వాత తగ్గిన తూకం ఎండటం వల్ల తగ్గిందా, మాయమైందా అని తేల్చలేం.

మూడోది: లాట్లను విడిగా ఉంచుతారా? సాఫ్ట్‌వేర్ తెరమీద వేర్వేరుగా చూపి, నేలమీద కలిపేస్తే ప్రయోజనం లేదు. సంఘం ప్రతినిధి ఎప్పుడైనా వచ్చి బస్తాల దొంతరను అంకెతో పోల్చి చూసుకునే హక్కు ఒప్పందంలో ఉండాలి.

నాలుగోది: ఆ లెక్క ఎవరు చూడగలరు, ఏ భాషలో? సంస్థ మేనేజరు మాత్రమే చూడగలిగే లెక్క, ఇంగ్లీషులో మాత్రమే వచ్చే నివేదిక, ఉర్దూ కాగితం ముందు నిలిచిన రైతు పరిస్థితినే మళ్లీ తెస్తాయి. రోజువారీ నిల్వ వివరం సభ్యుల ఫోనుకు తెలుగులో రావాలని అడగటం గొంతెమ్మ కోరిక కాదు.

ఐదోది: పురుగు పట్టినా, నిప్పు అంటుకున్నా నష్టం ఎవరిది, బీమా ఎవరు కడతారు? ఒప్పందం ముగిస్తే సరుకుతో పాటు లెక్కల పూర్తి ప్రతి కూడా ఇస్తారా? లెక్క వారి వద్దే ఉండిపోతే, సంఘం సంస్థను మార్చాలన్నా మార్చలేదు.

అద్దె ఎంత అనే ప్రశ్న వీటి తర్వాతే రావాలి. తక్కువ అద్దెకు దొరికిన గోదాములో ఒక్క లాటు కలిసిపోయినా, పేరుకు వచ్చిన విలువ పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) గిడ్డంగి రసీదు వల్ల రైతుకు కలిగే ప్రయోజనం ఏమిటి?
(ఆ) కందుల నిల్వలో తేమ శాతం నమోదు ఎందుకు అవసరం?

7. సారాంశం

సరుకును ఇతరుల వద్ద ఉంచటం ప్రాచీన కాలం నుంచి ఉన్నదే. లెక్కపెట్టి అప్పగించే నిక్షేపాన్ని ధర్మశాస్త్రాలు ప్రత్యేకంగా గుర్తించాయి. రైలు వచ్చాక అడ్తి వ్యవస్థలో నిల్వ, రుణం, అమ్మకం, లెక్క ఒకే చేతిలో చేరాయి. మార్కెట్ చట్టాలు, ప్రభుత్వ గిడ్డంగులు వాటిని కొంతవరకు విడదీశాయి. నేటి సాఫ్ట్‌వేర్ లెక్కను వేగంగా, వివరంగా చేస్తుంది. కాని ఆ లెక్కను చూసే హక్కు సరుకు యజమానికి తనంతట తాను రాదు. దాన్ని ఒప్పందంలో అడిగి రాయించుకోవాలి.

8. ముఖ్య పదాలు

నిక్షేపం: లెక్కపెట్టి మరొకరి వద్ద దాచిన సొమ్ము.
అడ్తిదారు: రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య కమీషను మీద అమ్మకం జరిపే వ్యాపారి.
తక్‌పట్టీ: మార్కెట్ యార్డులో తూకం, ధర, కోతలు తెలిపే చీటీ.
లాటు: ఒకేచోట నుంచి ఒకేసారి వచ్చి, విడిగా గుర్తు పెట్టిన సరుకు.

9. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అడ్తి వ్యవస్థ నుంచి ప్రభుత్వ గిడ్డంగుల వరకు జరిగిన మార్పులను వివరించండి.
2. నిల్వ, పంపిణీ పనిని బయటి సంస్థకు అప్పగించేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను తాండూరు కంది ఉదాహరణతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. భారత కాంట్రాక్టు చట్టంలో సరుకు పుచ్చుకున్నవారి బాధ్యతలు ఏమిటి?
2. మీకు దగ్గరలోని మార్కెట్ యార్డును లేదా గోదామును సందర్శించి, అక్కడ ఇచ్చే రసీదులో ఉన్న వివరాలను, ఉండవలసి ఉండీ లేని వివరాలను రాయండి.