సాంబయ్యకి పెట్టిన ఆకు

సాంబయ్య పోయాక ఇది మూడో చలికాలం. ఎలా పోయాడో ముందే చెప్పేస్తాను. దాచి చెప్పడానికి ఇందులో ఏమీ లేదు. గిన్నె నిండా పచ్చటి ఆకు ఉండగా, రోజూ కడుపు నిండా తింటూ ఉండగా, లోపల ఎముకలు మెత్తబడి పోయాడు. ఆ ఆకు మేం పెట్టిందే. కడిగి, తడి ఆరబెట్టి, వాడి రెండు కళ్ల మధ్య దూరం కంటే చిన్న ముక్కలుగా తరిగి పెట్టిందే. గొంతుకి అడ్డం పడకూడదని అంత జాగ్రత్త.

సాంబయ్య బియర్డెడ్ డ్రాగన్. పేరుకి డ్రాగనే గానీ మన తొండల కుటుంబమే. ఆస్ట్రేలియా లోపలి ఎర్రనేలల్లో, మోడుల మీదెక్కి ఎండ కాచుకుంటూ బతికే జాతి. తన జంతువుల్ని అమ్మకానికి బయటికి పోనివ్వదు ఆ దేశం. అయినా ఎప్పుడో పొలిమేర దాటిన కొన్నింటి సంతతి, ఇవాళ అమెరికా ఇళ్లలో అద్దాల పెట్టెల్లో పుట్టి, అద్దాల పెట్టెల్లోనే కళ్లు మూస్తోంది.

డాలస్ శివారులో మా ఇంటికొచ్చిననాడు వాడు అరచేతిలో ఇమిడేంత. మావాడికప్పుడు తొమ్మిదేళ్లు. ఆ గడ్డం చూసి తాతయ్య అని పిలుస్తానన్నాడు. తెనాలి నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చిన మా అమ్మ, "తొండకి మీ తాత పేరేంట్రా!" అని కసిరి, తనే సాంబయ్య అంది. ఇంక ఆ పేరే ఖాయమైంది.

పొద్దున్నే అమ్మ కూరలు తరుగుతూ పెట్టె ముందు కూర్చునేది. వాడు ముందుకాలు ఒకటి మెల్లగా పైకెత్తి, గాల్లో సున్నా చుట్టినట్టు తిప్పి దించేవాడు. "ఒరేయ్, నాకు టాటా చెబుతున్నాడ్రా" అని మురిసిపోయేది. నువ్వు పెద్దదానివి, నా జోలికి రాకు అని వాళ్ల భాషలో దానర్థమని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి ఆ చెయ్యి లేవడం మానేసింది.

ఎదిగే వయసులో ఈ జాతికి పురుగులే ముఖ్యం. కీచురాళ్లకి కాల్షియం పొడి అద్ది వెయ్యాలి. ఆకులు పెద్దపాలు కావాల్సింది పెద్దయ్యాకే. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. దేవుడి గదికి వినపడేలా కీచురాళ్లు కూస్తుంటే అమ్మ నొచ్చుకుంది. వాటి డబ్బా గరాజులోకి పోయింది. రోజూ వేసేది నాలుగు రోజులకోసారి అయింది. ఆపైన ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు. పొడి సీసా మూత దగ్గర దాకా నిండుగానే ఉండిపోయింది.

విషాల సంగతి మాత్రం మాకు బాగా తెలుసు. ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించాం: అవకాడో వద్దు, రూబార్బ్ వద్దు, మిణుగురు పురుగు అసలే వద్దు, ఒక్కటి మింగినా ప్రాణం పోతుంది. ఆ కాగితంలో పాలకూర లేదు. పాలకూర మీద ఎవరికి అనుమానమొస్తుంది? రక్తం తక్కువన్నవాళ్లకి పెడతాం, కడుపుతో ఉన్నవాళ్లకి పెడతాం. అమ్మ లేత ఆకులే ఏరి వాడికి తీసి, ముదురువి మా పప్పులో వేసేది.

అప్పుడప్పుడు రెండాకులు పడితే ఏమీ కాదు. రోజూ అదే అయితే, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కడుపులోనే కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. గుండె కొట్టుకోవడానికి కాల్షియం కావాలి. ఒళ్లు ఎముకల దగ్గర చేబదులు తీసుకుంటుంది. తీసుకుంటూనే ఉంటుంది.

మా ఇంట్లో ఎరగని సంగతా ఇది? నాన్నకి కిడ్నీలో రాళ్లు పడ్డ ఏడాది నుంచి అమ్మ పాలకూర పప్పులో టమాటా వెయ్యదు. ఆ రెండూ కలిస్తే రాళ్లు కడతాయని మనవైపు ఎవర్నడిగినా చెబుతారు. టమాటా పాపమెంతో గానీ, ఆ రాళ్లు చాలావరకు కాల్షియమూ ఆక్సలేటూ కలిసి గట్టిపడ్డవే. అంత తెలివీ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఆరడుగులు నడిచి అద్దాల పెట్టె దాకా రాలేదు.

దుకాణంలో పాలకూర పక్కనే కొలార్డ్ ఆకు, టర్నిప్ ఆకు, ఆవాకు వరసగా పేర్చి ఉండేవి. వాడికి కావలసినవి అవే. ఒకరోజు అమ్మ ఆవాకు కట్ట చేతిలోకి తీసుకుంది. కొస గిల్లి వాసన చూసింది. "ఘాటురా, పాపం నోరులేని జీవి" అని మళ్లీ అక్కడే పెట్టేసింది. నేను బండి తోసుకుంటూ ముందుకి పోయాను.

అమ్మ ఊరెళ్లిపోయింది. పాలకూర అలవాటు మా దగ్గర ఉండిపోయింది.

ఇంకో తలుపు కూడా తెరిచే ఉంది. యూవీబీ వెలుగు పడితేనే వాడి ఒంట్లో విటమిన్ డీ3 తయారై, తిన్న కాల్షియం ఒంటబడుతుంది. ఆ ట్యూబు ఏడాది తిరక్కుండా మార్చాలి. వెలుగుతూనే ఉంది కదా అని మేం మార్చలేదు. కంటికి వెలుగు కనిపిస్తుంది, లోపల సత్తువ పోయి ఉంటుంది. కిటికీ పక్కన ఎండలో పెడితే చాలనుకున్నాం. గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. బయట మాత్రం రోళ్లు పగిలే టెక్సాస్ ఎండ, పైసా ఖర్చు లేకుండా. డేగ తన్నుకుపోతుందని ఒక్కరోజూ పెరట్లోకి తేలేదు. తెచ్చి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే!

రెండో చలికాలంలో వాడు మగతగా పడుండేవాడు. చలికి ఈ జాతి వారాల తరబడి నిద్రపోవడం మామూలేనని చదివి, దీపం ఆర్పి, చప్పుడు చెయ్యకుండా తిరిగాం. ఆ నిద్రలో వాడి వేళ్లు సన్నగా వణికేవి. కల కంటున్నాడన్నాడు మావాడు.

డాక్టరమ్మ వాడి దవడ కింద బొటనవేలు ఆనించి చూసింది. రబ్బరులా వంగింది. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనిపించాలి. వాడివి నీళ్లలో కలిసిన పాలలా ఉన్నాయి. వెన్ను ఒక పక్కకి ఒరిగింది. పదేళ్లు బతకాల్సినవాడికి రెండేళ్లు కూడా నిండలేదు. కాల్షియం మందు చుక్కలు చుక్కలుగా పోశాం. కొత్త ట్యూబు పెట్టాం. ఆవాకు తెచ్చాం. తొమ్మిదో రోజు తెల్లారకముందే పోయాడు. తరిగిన ఆవాకు గిన్నెలో అలాగే ఉంది.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ దేశపు చలికి తట్టుకోలేకపోయాడేమోరా" అంది.

"అవునమ్మా, చలే" అన్నాను.

"ఆకు మాత్రం బాగా తినేవాడు" అంది.