శ్రీబాగ్‌లో కడప సంతకం

1937 నవంబరు 16. మద్రాసు మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు, శ్రీబాగ్. అమృతాంజనం మీద వచ్చిన రాబడిని ఆంధ్రపత్రికకూ ఆంధ్రోద్యమానికీ ధారపోసిన మనిషి ఇల్లది. కోస్తా నుంచి కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య వచ్చారు. రాయలసీమ నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు, హాలహర్వి సీతారామరెడ్డి. వాళ్లతో పాటు కడప బారిష్టరు కోటిరెడ్డి.

ప్రత్యేకాంధ్ర రావాలన్న దాంట్లో తేడా లేదు. వచ్చాక మా గతేమిటన్నదే సీమవాళ్ల దిగులు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సీమకు దక్కకుండా వాల్తేరుకు పోయినప్పుడు తగిలిన దెబ్బ ఇంకా మానలేదు. కోర్టుల్లో తిరిగిన కోటిరెడ్డికి నోటిమాట విలువెంతో ఒకరు చెప్పాలా? అందుకే అంతా శ్రీబాగ్ ఒప్పందంగా కాగితం మీదికి ఎక్కింది. విశ్వవిద్యాలయానికి అనంతపురంలోనూ ఒక కేంద్రం ఉండాలి. శాసనసభ సాధారణ స్థానాలు జిల్లాల వారీగా సమానంగా పంచాలి. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో సీమే కోరుకోవాలి.

నా మట్టుకు ఆ ఒప్పందానికి ప్రాణం నీళ్ల షరతు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, సీమకూ నెల్లూరుకూ మొదటి ప్రాధాన్యం. కడప జిల్లా ఖాజీపేట రైతుకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఎక్కడో సుంకేశుల దగ్గర తుంగభద్రలో బయల్దేరే కె.సి. (కర్నూలు-కడప) కాలువ కర్నూలు, నంద్యాల జిల్లాలు దాటి మైదుకూరు, ఖాజీపేట పొలాలకు వచ్చేసరికి ఎంత నీరు మిగిలితే అంతే పంట. పైన తగ్గితే ఇక్కడ నారుమడి ఎండుతుంది. ఇలాంటి చివరి భూముల తరఫునే కోటిరెడ్డి ఆ రోజు సంతకం పెట్టింది.

ఇంట్లో ఆయన భార్య రామసుబ్బమ్మ. బారిష్టరుగారి భార్య అని చెప్పి ఊరుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. స్వాతంత్ర్యోద్యమంలో దిగింది. కడప జిల్లా బోర్డుకు అధ్యక్షురాలైంది. పల్లెల్లో ఆడవాళ్లు నలుగురిలోకి రావడమే అరుదైన కాలంలో జిల్లా రోడ్లు, బడులు, ఆసుపత్రుల పెత్తనం చేసింది. ఆ ఇంట్లో రాజకీయం మగవాళ్ల గదిలో ఆగిపోలేదు. కోటిరెడ్డి ఆశయాలు ఎంత నిజమో ఆయన ఉపన్యాసాల కంటే ఈ సంగతే నాకు గట్టిగా చెబుతుంది.

ఒప్పందం జరిగిన అయిదు నెలలకే నాగేశ్వరరావు పంతులుగారు పోయారు. 1946లో ప్రకాశం పంతులు మద్రాసు మంత్రివర్గం కడితే అందులో కోటిరెడ్డి ఒక మంత్రి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు. మూడేళ్లు తిరగగానే, 1956 నవంబరులో, రెండూ హైదరాబాదు చేరాయి. రాజధాని పోయిందన్న బాధ సీమలో నేటికీ ఉంది, ఉండాల్సిందే. కానీ నీళ్ల షరతు కోసం అంతకు పదింతలు పట్టుబట్టి ఉండాల్సింది.

కడపలో కోటిరెడ్డి సర్కిల్ తెలియని మనిషి ఉండడు. ఆ సర్కిల్ దాటి బడికి పోయే పిల్లలకు ఆయన దేనికోసం సంతకం పెట్టాడో పాఠంగా చెప్పాలి. ఆ పాఠంలో రామసుబ్బమ్మ పేరు కూడా ఉండాలి.